సూదిపోటు, టీబీ వార్డు, తలుపు తీయని ఇల్లు: ఆసుపత్రి సిబ్బంది అడిగినవి

ఈ శీర్షికకు మామూలుగా రోగులో, వాళ్ల ఇంట్లోవాళ్లో రాస్తుంటారు. ఈసారి మాత్రం వచ్చిన ఉత్తరాల్లో, మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లవే. అందుకని ఈ సంచికంతా వాళ్లకే ఇచ్చేశాను. పేర్లు, ఊళ్లు తీసేశాను, ఉద్యోగం పోతుందేమోనని దాదాపు అందరూ భయపడుతూనే రాశారు. మీరు ఆసుపత్రి మనిషి కాకపోయినా ఇది చదవండి, ఎందుకంటే మీ అమ్మకి సెలైన్ ఎక్కించేది ఈ చేతులే, ఈ చేతులకి అంటిన జబ్బు అక్కడితో ఆగదు, పక్క మంచానికీ వెళ్తుంది, వాళ్ల ఇంటికీ వెళ్తుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను జీఎన్ఎం చేసి ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నిన్న నైట్ డ్యూటీలో పేషెంట్‌కి ఇంజెక్షన్ చేశాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది, రక్తం వచ్చింది. ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్తే స్పిరిట్ రాసుకో, రిజిస్టర్‌లో రాయకు, మేనేజ్‌మెంట్ ఊరుకోదు అంది. ఆ పేషెంట్ రిపోర్టులు ఏమిటో నాకు తెలియదు. నాకు పెళ్లి కుదిరింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నిద్ర పట్టడం లేదు.

జవాబు: తల్లీ, మీ మెసేజ్ చూడగానే ఫోన్ చేసి మాట్లాడాను కాబట్టి మీరేం చేయాలో మీకు తెలుసు. పత్రిక చేతికొచ్చేదాకా ఆగే విషయం కాదిది. ఇక్కడ రాస్తున్నది రేపో ఎల్లుండో గుచ్చించుకోబోయే మిగతా పిల్లల కోసం.

గుచ్చుకున్న మరుక్షణం కుళాయి తిప్పి సబ్బుతో కడగండి. అంతే. నొక్కి రక్తం పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ గానీ డెటాల్ గానీ బ్లీచింగ్ గానీ పోయొద్దు, అవి చర్మాన్ని కాలుస్తాయి తప్ప వైరస్‌ని ఆపవు. తర్వాత గడియారం చూసుకోండి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు మొదటి మోతాదు రెండు గంటల్లోపు పడితే చాలా మంచిది, 72 గంటలు దాటాక మొదలుపెట్టినా ఫలితం ఉండదు. మొదలుపెట్టాక 28 రోజులు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఇది ఉచితం. ప్రైవేట్‌లో పనిచేసేవాళ్లకి ఇవ్వరేమో అని చాలామంది వెనకాడతారు, ఆ సందేహం పెట్టుకోకండి, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి సూది గుచ్చుకుందని చెప్పండి. పేషెంట్ రిపోర్ట్ వచ్చాక చూద్దాం అని కూడా ఆగొద్దు. మందు మొదలుపెట్టేయాలి, రిపోర్ట్ బాగుంటే డాక్టరు చూసి ఆపేస్తారు.

ఇప్పుడు మీ భయం గురించి. హెచ్ఐవీ ఉన్న మనిషి రక్తంతో ఉన్న సూది గుచ్చుకుంటే, మందేమీ వాడకపోయినా, వెయ్యి సార్లలో సుమారు 3 సార్లు మాత్రమే జబ్బు అంటుతుంది. అదే హెపటైటిస్ బి ఉన్న మనిషి సూది అయితే, టీకా వేసుకోని నర్సుకి వందలో 30 సార్ల వరకూ అంటుకునే అవకాశం ఉంది. మనవాళ్లంతా హెచ్ఐవీకి వణికిపోతారు, హెపటైటిస్ బి సంగతి మాత్రం అసలు గుర్తే ఉండదు. దానికి టీకా ఉంది, మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. మూడూ అయిపోయాక ఒకటి రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే టీకా పట్టిందో లేదో తెలిసిపోతుంది, 10కి తక్కువ కాకుండా ఉంటే చాలు. మీరు ఫోన్‌లో ఒక్క డోసే వేశారు, మిగతావి ఎవరూ అడగలేదు అన్నారు. అడగాల్సింది మీరు కాదమ్మా, పెట్టుకున్నవాళ్లు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో ఆసుపత్రి వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, ఉద్యోగంలో చేరేటప్పుడు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలని యాజమాన్యానికే బాధ్యత పెట్టారు. పది పడకల నర్సింగ్ హోమ్‌కైనా అదే నిబంధన.

హెపటైటిస్ సి కూడా సూదితో అంటుతుంది, కానీ అవకాశం తక్కువ, పైగా ఇప్పుడు మూడు నెలల మాత్రలతో దాదాపు పూర్తిగా నయమైపోతోంది.

పెళ్లి సంగతి. పెళ్లి మానుకోవాల్సిన పని లేదు. గుచ్చుకున్న రోజు ఒకసారి, ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి రక్త పరీక్ష చేస్తారు. ఈ లోపు ముహూర్తం వస్తే చివరి రిపోర్ట్ వచ్చేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి. కాబోయే ఆయనకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే డ్యూటీలో సూది గుచ్చుకోవడం తప్పు చేసినట్టు కాదు, దాచుకోవాల్సిందీ కాదు.

ఇక మీ ఇన్‌చార్జి సిస్టర్ అన్న మాట. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఆ 'రాయకు' అన్న మాటే. రిజిస్టర్‌లో లేకపోతే గుచ్చుకున్నట్టే కాదు. రేపు ఏదైనా తేలితే ఇది డ్యూటీలోనే వచ్చిందని మీరు ఎలా చూపిస్తారు? తేదీ, టైమ్, ఏ పేషెంట్, ఏ పని చేస్తుండగా అన్నీ రాసి కాపీ మీ దగ్గర పెట్టుకోండి. రిజిస్టర్ ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాసి, ఫోటో తీసి, మేనేజ్‌మెంట్‌కి వాట్సాప్ చేయండి, అదే రుజువు.

ఆ సిస్టర్ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. రాత్రి షిఫ్టులో ఒక్క నర్సు మీద ఇరవై మంచాలు పెడితే ఏమవుతుందో నేను వార్డుల్లో చూస్తూనే ఉన్నాను. ట్రేలో చోటు ఉండదు, నీడిల్ కట్టర్ వార్డుకి ఆ చివర నర్సింగ్ స్టేషన్‌లో ఉంటుంది, వాడిన సూదిని పరుపులోకి గుచ్చి పేషెంట్‌కి దూది అదుముతారు, లేదా సెలైన్ సెట్ రబ్బరులో దింపి వదిలేస్తారు, లేదా మీలాగే ఒక చేత్తో మూత పట్టుకుని రెండో చేత్తో సూది దూర్చబోతారు. పరుపులో మర్చిపోయిన సూది తెల్లారి దుప్పటి తీసే ఆయమ్మకి దిగుతుంది. నీడిల్ కట్టర్‌నీ, వాడిన సూదులు వేసే తెల్ల డబ్బానీ మంచం పక్కకే తీసుకెళ్లేలా ట్రాలీ మీద పెడితే ఈ ప్రమాదాల్లో చాలా భాగం ఉండవు. వాడిన సూదికి మూత పెట్టకూడదు, ఎప్పటికీ. డబ్బా ముప్పావు నిండగానే మార్చేయాలి, పైదాకా కుక్కితే పైన ఉన్న సూదులు చేతికే వస్తాయి.

ప్రశ్న: మా కోడలు ఛాతీ ఆసుపత్రిలో టీబీ వార్డు నర్సు. ఇంట్లో ఏడాది నిండని మనవడున్నాడు. ఆమె రాగానే బట్టలు బయటే మార్చుకోమంటాం, కంచం గ్లాసు వేరుగా పెట్టాం. ఉద్యోగం మానేయమని మా అబ్బాయి, మానను అని ఆ పిల్ల. ఇంట్లో రోజూ గొడవే. మీరు ఏది చెప్తే అది చేస్తాం.

జవాబు: అమ్మా, కంచం గ్లాసు ఈ రోజే కలిపేయండి. టీబీ కంచాల వల్ల, గ్లాసుల వల్ల, బట్టల వల్ల, ముట్టుకోవడం వల్ల రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు గాల్లోకి వచ్చే క్రిములు గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి, వాటిని పీలిస్తేనే వస్తుంది. మీ కోడలికి జబ్బు లేదు. జబ్బు లేని మనిషి కంచం వేరుగా పెడితే ఆమె మనసుకి ఎంత కష్టంగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

మీకు ఆశ్చర్యంగా ఉండచ్చు గానీ టీబీ వార్డు కంటే మామూలు ఓపీ హాలే ఎక్కువ ప్రమాదం కావచ్చు. వార్డులో ఉన్నవాళ్లకి జబ్బు తెలిసిపోయింది, మందులు పడుతున్నాయి. మామూలు టీబీ అయితే సరైన మందులు మొదలైన రెండు మూడు వారాలకే అంటించే శక్తి బాగా పడిపోతుంది. మందులకి లొంగని మొండి టీబీ వాళ్ల దగ్గర మాత్రం ఇంకా ఎక్కువ జాగ్రత్త ఉండాలి. ఓపీ హాల్లో, స్కానింగ్ గది బయట, రక్తం తీసే క్యూలో నెల రోజులుగా దగ్గుతూ, తనకి టీబీ ఉందని తనకే తెలియని మనిషి మీ పక్కనే కూర్చుని ఉంటాడు. అక్కడ ఎవరికీ మాస్కు ఉండదు.

ఈ విషయంలో మన దక్షిణాది ప్రపంచానికే పాఠం చెప్పింది. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. ఇరుకిళ్లలో ఉండే పేద టీబీ రోగుల్ని రెండు భాగాలు చేసి, సగంమందిని శానటోరియంలో, అంటే టీబీవాళ్ల కోసం కట్టిన ఆసుపత్రిలో, మంచి తిండి, విశ్రాంతి, గాలి వెలుతురు ఇచ్చి ఉంచారు, సగంమందికి ఇంట్లోనే ఉంచి మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రచురించారు. నయమవడంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇంట్లోనే ఉండి మందులు మింగినవాళ్ల కుటుంబాలని ఐదేళ్ల పాటు గమనిస్తే, రోగిని శానటోరియానికి పంపిన కుటుంబాల కంటే వాళ్లకేమీ ఎక్కువగా టీబీ రాలేదు. రోగి అంటించేదంతా ఎక్కువగా మందు మొదలవకముందే అంటించేస్తున్నాడన్నమాట. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియాల కాలం అక్కడి నుంచే ముగియడం మొదలైంది. జబ్బున్న మనిషితో ఒకే గదిలో ఉన్న కుటుంబాల సంగతే అదైతే, జబ్బు లేని మీ కోడలి వల్ల మనవడికి ఏమవుతుంది?

అలాగని ఆమెకి ముప్పు లేదని నేను అబద్ధం చెప్పను. టీబీ రోగుల మధ్య పనిచేసే సిబ్బందికి మిగతా జనం కంటే ఈ జబ్బు ఎక్కువే వస్తుంది. అందుకే ఆమెని ఉద్యోగం మానమనకుండా కొన్ని విషయాలు అడగండి. వార్డులో కిటికీలు తెరిచి ఉంటున్నాయా, లేక దోమలనో చలి అనో మూసేస్తున్నారా? డ్యూటీ టేబుల్ ఎటు వేశారు? గాలి నర్సు వెనక నుంచి వచ్చి, పేషెంట్ మీదుగా కిటికీలోంచి బయటకి పోయేలా కుర్చీ ఉండాలి. చాలాచోట్ల దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, పేషెంట్ గుమ్మం దగ్గర, నర్సు కిటికీ పక్కన, పేషెంట్ దగ్గిందంతా ఆమె ముఖం మీదుగా పోతుంది. కుర్చీ తిప్పడానికి పైసా ఖర్చు లేదు. మాస్కు సంగతికొస్తే సిబ్బందికి ఎన్95 ఉండాలి, నీలంరంగు మామూలు సర్జికల్ మాస్కు పేషెంట్‌కి వేయాలి. మన దగ్గర ఎక్కువగా తారుమారు చేస్తారు. ఎన్95 ముక్కు దగ్గర నొక్కి, రెండు చేతులు అడ్డం పెట్టి గట్టిగా ఊదితే పక్కల నుంచి గాలి పోకూడదు, పోతే అది పెట్టుకున్నా ఒకటే లేకున్నా ఒకటే.

బాబుకి పుట్టగానే టీబీ టీకా బీసీజీ వేయించే ఉంటారు. పసిపిల్లలకి మెదడుకి పాకే టీబీ లాంటి ప్రాణం తీసే రకాల నుంచి అది బాగా కాపాడుతుంది. ఆమెకి రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా మొహమాటపడకుండా తెమడ పరీక్ష చేయించుకోమనండి. తోటి సిస్టర్లు ఏమనుకుంటారో అని నెలల తరబడి దగ్గు మందు తాగే నర్సులు నాకు తెలుసు. ఆమెకి షుగర్ ఉన్నా, మళ్లీ గర్భం వచ్చినా వార్డు మార్చమని అడిగే హక్కు ఆమెకుంది. ఆ ఉత్తరం మీ అబ్బాయి దగ్గరుండి రాసిస్తే ఇంట్లో గొడవ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: సార్, నేను ఆశా కార్యకర్తని. నా పరిధిలో ఒక ఇంట్లో పెళ్లీడు అమ్మాయికి టీబీ వచ్చింది. నేను పోతే తలుపు తీయరు. 'నువ్వు రిజిస్టర్ పట్టుకొని మా గుమ్మంలో నిలబడితే వాడకట్టు మొత్తానికి తెలిసిపోద్ది, ఇంక మా పిల్లని ఎవరు చేసుకుంటారు' అని వాళ్లమ్మ అంటది. పైనుంచి ఫాలోఅప్ చెయ్యలేదని అడుగుతరు. నేనేం జెయ్యాలె?

జవాబు: అక్కా, ముందు ఒక మాట. ఆ తల్లి మీ మీద కోపంతో తలుపు వేయడం లేదు. ఆమె చెప్పిన కారణం నిజమే, మన ఊళ్లలో టీబీ అన్న మాట పడితే సంబంధాలు వెనక్కిపోతాయి. కాబట్టి ఆమె మారాలని మీరు ఎదురుచూడకండి, మీరు పోయే పద్ధతి మార్చుకోండి. చీర మార్చుకుని, రిజిస్టర్ ఇంట్లో పెట్టి పోండి. ఇంటికే పోవాలని లేదు, రేషన్ షాపు దగ్గరో, గుడి దగ్గరో, పొలం దారిలోనో, ఆ పిల్ల ఎక్కడ అంటే అక్కడ కలవండి. ఫోన్‌లో మాట్లాడండి. వాళ్లకి నమ్మకమైన మేనత్తో, స్నేహితురాలో ఉంటే మందులు వేయించే బాధ్యత వాళ్లకి అప్పచెప్పచ్చు, మీరే ఎదురుగా నిలబడాలని లేదు. మీ ఏఎన్ఎంతో, టీబీ సూపర్‌వైజర్‌తో ఇదే మాట చెప్పండి, ఫాలోఅప్ అంటే గుమ్మంలో నిలబడటం అని ఎక్కడా రాసిలేదు.

మొదటిసారి కలిసినప్పుడు ఏం చెప్పాలో కూడా ముఖ్యమే. భయపెట్టే మాటలతో మొదలుపెట్టకండి. ఆరు నెలలు మందులు మింగితే నయమైపోతుంది, పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనచ్చు అని ముందు చెప్పండి. వెంటనే ఇంకోటి చెప్పాలి, మాత్రలు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, రక్తం కాదు. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోవడం వల్ల మొదటి వారంలోనే మందులు పారేసినవాళ్లు ఉన్నారు. తర్వాత రెండో నెల. రెండో నెలకి దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ముఖంలో కళ వస్తుంది, ఇంకెందుకీ మందులు అనిపిస్తుంది. మానేసేది ఎక్కువగా అప్పుడే, మొండి టీబీ మొదలయ్యేదీ అప్పుడే. ఆ నెలలో మీరు మామూలు కంటే ఒకసారి ఎక్కువ కలవండి.

టీబీ రోగులకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బులు నెలకి 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతా ఇచ్చారో లేదో చూడండి, ఖాతా లేక, ఆధార్ కలవక ఆగిపోయినవి చాలా ఉంటాయి. గుడ్లు, పప్పు, పల్లీలు కొనుక్కోవడానికి అది వాళ్ల హక్కు, మీరు ఇప్పించే దానం కాదు. ఇంట్లో మిగతావాళ్లకి పరీక్ష చేయించండి. జబ్బు లేదని తేలినవాళ్లకి రాకుండా ఉండే మందు ఉంది, అందులో ఒక రకం వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు వేసుకుంటే సరిపోతుంది. ఆ పిల్ల రేపు పని కోసమో, చదువు కోసమో హైదరాబాదు పోయినా, టీబీ రోగిగా నమోదైన నిక్షయ్ నంబరుతో అక్కడి కేంద్రంలో మందులు ఇస్తారు, మానేయాల్సిన పని లేదు. వలసపోయే జిల్లాల్లో ఈ సంగతి చెప్పకపోతే మన పని సగమే అయినట్టు.

ఇంకోటి, ఇది మీకు కాదు, చదువుతున్న మా డాక్టర్లకి, ఫార్మసిస్టులకి. టీబీవాళ్లంతా ఇటు రండి అని వరండాలో కేక వేసేది మనమే. చేయి చాచి దూరంగా మాత్రలు పడేసేది మనమే. కాగితం మీద ఎర్రసిరాతో పెద్ద అక్షరాల్లో రాసేది మనమే. మన దగ్గర ఇలా జరిగినంత కాలం ఆ తల్లి తలుపు తీయకపోతే ఆశా అక్కని నిలదీసే అర్హత మనకి లేదు.

మీ సంగతి కూడా అడుగుతాను. ఇన్ని టీబీ ఇళ్లు తిరుగుతున్నారు, మీరు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. మంచిదే. వచ్చే నెల మీటింగ్‌లో మీ అందరికీ ఎక్స్‌రే తీయించమని, ఎన్95 మాస్కులు ఇవ్వమని అందరూ కలిసి అడగండి, ఒక్కరు అడిగితే పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న: ముప్ఫై పడకల ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ని. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోతే చాలు బంధువులు గుంపుగా వచ్చి ఎక్కించమని మీద పడుతున్నారు. మొన్న ఒకాయన నా కాలర్ పట్టుకున్నాడు. మానేద్దామనిపిస్తోంది.

జవాబు: నాయనా, నీ మీద చెయ్యి వేసినవాడిని సమర్థించే మాట నేను ఒక్కటీ చెప్పను. ఫిర్యాదు రాసివ్వు. వైద్య సిబ్బంది మీద దాడుల గురించి ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ప్రత్యేక చట్టం చేశారు. కోవిడ్ టైమ్‌లో, 2020లో, అంటువ్యాధుల చట్టాన్ని సవరించి అంటువ్యాధి కాలంలో దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. ఆసుపత్రి తరఫున సూపరింటెండెంటే ఫిర్యాదు ఇవ్వాలి, కుర్ర డాక్టరుని ఒంటరిగా స్టేషన్‌కి పంపడం పెద్దవాళ్లు చేయాల్సిన పని కాదు.

అయితే ఆ బంధువులకి ప్లేట్‌లెట్ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చింది? మన దగ్గరి నుంచే. రోజుకి రెండుసార్లు కౌంట్ చేయించి, కాగితం చేతికిచ్చి, పడిపోయాయి అని కంగారుగా చెప్పింది ఆసుపత్రులే. కాబట్టి చేరిన రోజే, మంచం దగ్గర ఇంటి పెద్దని కూర్చోబెట్టి చెప్పేయాలి. ప్లేట్‌లెట్లు పడతాయి, జ్వరం తగ్గాక వాటంతటవే పెరుగుతాయి. రక్తస్రావం లేకపోతే 10 వేల కంటే దిగినప్పుడే ఎక్కించే ఆలోచన చేస్తాం. డెంగీలో ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి నీరు కారిపోవడం, అందుకే మేం పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష), బీపీ, నాడి, మూత్రం చూస్తుంటాం.

చదివే అందరూ ఇది గుర్తుపెట్టుకోండి. ప్రమాదం మొదలయ్యేది జ్వరం తగ్గిన రోజునే, సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. జ్వరం పోయింది కదా అని ఇంటికి తీసుకుపోయిన రోజే కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆ నిమిషమే ఆసుపత్రికి రావాలి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకోవద్దు, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

నాయనా, పై పేరాని పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి వార్డు గోడకి అంటించు. మానేసే నిర్ణయం మాత్రం డెంగీ సీజన్ మధ్యలో, నైట్ డ్యూటీ చేసి వచ్చి తీసుకోవద్దు.

ప్రశ్న: కుక్క కరిచి రేబిస్ వచ్చిన పేషెంట్‌కి మా వార్డులో సేవ చేశాం. మాకూ వస్తుందా? మేమంతా ఇంజెక్షన్లు వేయించుకోవాలా?

జవాబు: పక్కన నిలబడితే, బీపీ చూస్తే, దుప్పటి మారిస్తే రాదు. ఆ మనిషి లాలాజలం మీ గాయం మీదో, కంట్లోనో, నోట్లోనో పడినా, మిమ్మల్ని గీరినా కరిచినా 15 నిమిషాలు కడిగి ఇంజెక్షన్లు మొదలుపెట్టండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0 (మొదలుపెట్టిన రోజు), 3, 7, 28 రోజుల్లో. మిగతావాళ్లకి అవసరం లేదు. ఆ పేషెంట్‌కి నీళ్లు చూస్తే, గాలి తగిలితే గొంతు పట్టేస్తుంది, ఫ్యాన్ తగ్గించి, గది నిశ్శబ్దంగా ఉంచి, మత్తుమందు సరిగ్గా అందేలా చూడండి. భయంతో ఎవరూ ఆ గదిలోకి పోకపోవడం నేను చూశాను, ఏ మనిషీ అలా ఒంటరిగా పోకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. నిపా, కోవిడ్ లాంటివి వింటుంటే నాకు పంపబుద్ధి కావడం లేదు. కేరళలో నర్సు చనిపోయింది కదా?

జవాబు: అవునమ్మా. లినీ పుతుస్సేరి, కోళికోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు, 2018 మే 21న, గబ్బిలాల నుంచి వచ్చే నిపా వైరస్‌తో చనిపోయింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఆమె సేవ చేసిన రోగికి ఏ జబ్బో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ఏడాది అక్కడ 17 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందికి జబ్బు అంటింది గబ్బిలాల వల్ల కాదు, ఆసుపత్రి వరండాల్లో, వార్డుల్లో, పక్క మంచం నుంచి.

తర్వాతి ఏడాది ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిపా వచ్చింది. ఆ అబ్బాయి బతికాడు, అతని నుంచి ఇంకెవరికీ అంటలేదు. వైరస్ అదే, ఆసుపత్రులు మారాయి. జ్వరం దగ్గుతో వచ్చినవాళ్లని గుమ్మంలోనే వేరు చేయడం, మాస్కు ఇవ్వడం, అనుమానం రాగానే వేరే గదిలో పెట్టి శాంపిల్ పంపడం, దగ్గరికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకోవడం. సిబ్బంది ప్రాణం ఎక్కువగా ఇలాంటి ఏర్పాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. ధైర్యం లినీకి తక్కువేమీ కాదు కదా.

కాబట్టి అమ్మాయిని పంపండి, కాలేజీని మాత్రం నిలదీసి చేర్చండి. ఫీజు ఎంత అని అడిగినట్టే, మొదటి క్లినికల్ పోస్టింగ్‌కి ముందే హెపటైటిస్ బి మూడు డోసులు వేయిస్తారా, సూది గుచ్చుకుంటే విద్యార్థికి మందు ఎక్కడ ఇస్తారు, ఎన్95 పెట్టుకోవడం నేర్పిస్తారా అని అడగండి. జవాబు తడుముకుంటే ఇంకో కాలేజీ చూడండి.

ప్రశ్న: నేను ఆసుపత్రిలో ఊడ్చే పని చేస్తాను. కాంట్రాక్టు. పల్చటి గ్లౌజులు ఒక్క జత ఇస్తారు, మధ్యాహ్నానికే చిరిగిపోతాయి. సూదులు గుచ్చుకుంటాయి. నర్సులకి టీకాలు వేశారు, మమ్మల్ని పిలవలేదు. నా కూతురు ఈ ఉత్తరం రాసింది.

జవాబు: మీ ఉత్తరం చివర్లో పెట్టినా నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఆసుపత్రి సిబ్బంది అంటే మీరు కూడా. పైన చెప్పిన 2016 నిబంధనల్లో వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ టీకా వేయించాలని ఉంది, జీతం కాంట్రాక్టరు ఇస్తున్నాడా ఆసుపత్రి ఇస్తోందా అన్నదానితో పని లేదు. పల్చటి రబ్బరు గ్లౌజులు పేషెంట్‌ని పరీక్ష చేయడానికి. చెత్త ఎత్తేవాళ్లకి మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లౌజులు, బూట్లు, ఏప్రన్ కావాలి.

పసుపు కవర్లో కట్లు, రక్తం అంటిన దూది, ఎరుపులో సెలైన్ గొట్టాలు, ప్లాస్టిక్, నీలంలో గాజు సీసాలు. సూది ఎప్పుడూ తెల్ల గట్టి డబ్బాలోనే ఉండాలి. కవర్‌ని అడుగు నుంచి పట్టుకోకండి, ఒంటికి ఆనించి మోయకండి, చేత్తో అదిమి కుక్కకండి, మెడ దగ్గర పట్టుకుని ఎత్తండి. కవర్లో సూది కనిపిస్తే చెయ్యి పెట్టి తీయకండి, అక్కడే ఆపి ఆ వార్డు సిస్టర్‌ని పిలవండి, అది పడేసింది వాళ్లు.

ఇంతకుముందు గుచ్చుకున్నవాటికి కూడా ఒకసారి హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. టీకా కోసం సూపరింటెండెంట్‌కి మీతో పనిచేసే అందరి పేర్లతో ఒక అర్జీ పెట్టండి. ఎలా రాయాలో మీ అమ్మాయికి ఈ వారమే పంపిస్తున్నాను, రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.